తోకబండి ఎర్రదీపం

యుద్ధం అయిపోయాక మా ఆయన పటాలం నుంచి రెండు విద్యలు నేర్చుకుని వచ్చాడు. ఒకటి మోటారు తోలడం, రెండోది ఎవరితోనూ మాట్లాడకుండా రోజంతా గడిపేయడం. ఆ రెండోదానితో నాకు ఒళ్లు మండేది. పెళ్లయిన ఏడాదికే సైన్యంలో చేరి, గురజాల దగ్గర పల్లెలో నన్ను అత్తవారింట వదిలి, ఏళ్ల తరబడి ఉత్తరం ముక్కలతో సరిపెట్టిన మనిషి. వస్తూనే, మిలిటరీ వాళ్లు వదిలించుకుంటున్న పాత ట్రక్కు ఒకటి, దాని వెనక తగిలించే ట్రైలరు ఒకటి కొందామని తండ్రిని అడిగాడు. మా మామ మర్నాడే ఎడ్లను తోలుకుపోయి అమ్మి వచ్చాడు. బతుకంతా ఎడ్లబండి తోలిన మనిషి ఆయన.

ఊరంతా ఆ ట్రైలరును తోకబండి అన్నారు. నాపరాళ్లు ఎక్కించి నరసరావుపేటకు తోలాలని మా వాళ్ల ఆలోచన. తోకబండి లేకపోతే ఉత్త ట్రక్కులో పట్టే రాళ్లు పెట్రోలు ఖర్చుకు కూడా చాలవు. చిక్కంతా అక్కడే వచ్చింది. తోకబండి వెనక ఎర్రదీపం వెలగదు. తిరిగొచ్చేసరికి ఎలాగూ పొద్దుగూకుతుంది. దీపం లేకుండా రోడ్డెక్కితే బండి పట్టుకుంటానని బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందే చెప్పేశాడు.

మా ఆయన బల్బు మార్చాడు, వెలగలేదు. ఎలుక కొరికిందేమోనని తీగ పొడుగునా వేలితో తడిమి చూశాడు, ఎక్కడా తెగలేదు. ఒకనాడు అన్నం ముందు కూర్చుని, "ఇది కుదరకపోతే బొంబాయి పోతా. అక్కడ రేవులో డ్రైవర్లు కావాలంట" అన్నాడు, పప్పులో ఇంకాస్త నెయ్యి వేయమన్నంత మామూలుగా. నేను నోటి దురుసు మనిషిని. అయినా ఆ పూట అడగని నెయ్యి తెచ్చి ఆయన పప్పులో వేశాను. మళ్లీ ఒంటరిగా ఆ ఇంట్లో ఉండటం నావల్ల కాదని నాకు తెలుసు. ఆనాటి నుంచి ఆ దీపం ఇన్‌స్పెక్టరు కంటే నాకే ఎక్కువ కావలసి వచ్చింది.

నరసరావుపేట నుంచి మెకానిక్ సాయిబు వచ్చాడు. మంచి మాటకారి. "రోగం ప్లగ్గులో ఉంది, ఎంతసేపు" అంటూ ట్రక్కు నుంచి ట్రైలరుకు కరెంటు అందించే ప్లగ్గు మార్చేశాడు. వెలగలేదు. మజ్జిగ తాగి, ఈసారి కాస్త తక్కువ మాటలతో మళ్లీ మొదలుపెట్టాడు. మా ఆయన లోపల స్విచ్చు దగ్గర ఉండాలి, సాయిబు బండి కింద ఉండాలి, పరీక్ష బల్బు పట్టుకునేందుకు ఇంకొకరు కావాలి. మా మామ దొడ్డి గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు గాని కదల్లేదు.

"చెల్లెమ్మా, నువ్వు రా" అన్నాడు సాయిబు.

మామ ఎదుట అంత ముందుకు వచ్చి నిలబడటం నాకు అదే మొదలు. రెండు తీగలున్న చిన్న బల్బు నా చేతిలో పెట్టాడు. ఒక తీగను తోకదీపంలోకి వచ్చే తీగకు తగిలించి, రెండోదాన్ని ట్రైలరు ఇనుముకు ఆనించమన్నాడు. ఏమీ లేదు. ఆ రెండోదానికి పొడుగు తీగ కలిపి, దాని కొసను ట్రక్కు ఇనుముకు ఆనించమన్నాడు.

ఆనించాను. నా చేతిలో బల్బు వెలిగింది.

మా ఊరికి అప్పటికి కరెంటు రాలేదు. నూనె లేదు, వత్తి లేదు, పొగ లేదు, అగ్గిపుల్లైనా గీయలేదు. నా గాజుల మీద వెలుగు పడింది. తీగ తీస్తే ఆరింది, పెడితే వెలిగింది. సాయిబు చాలమ్మా అనేదాకా తీస్తూ పెడుతూనే ఉన్నాను.

"కరెంటు వస్తానే ఉంది. తిరిగి పోడానికే దోవ లేదు" అన్నాడు సాయిబు.

"తిరిగి పోవడమేంది?"

"మళ్లీ బ్యాటరీకి చేరాల చెల్లెమ్మా. లేకపోతే వెలగదు. వచ్చేది తీగలో, తిరిగి పోయేది ఇనుములో. ట్రక్కు కొక్కేనికి ట్రైలరు కడియం తగిలే చోటు ఉందే, అదే దాని దోవ."

సమ్మెట దెబ్బకు వంగని ఇనుము. దాని లోపలి నుంచి కంటికి కనపడకుండా, చప్పుడు లేకుండా నడిచిపోతుందట. పురాణాల్లో విన్న వింతలేవీ నన్ను అంతగా నిలబెట్టలేదు. పోయింది తిరిగొస్తేనే వెలుగన్న సంగతి మాత్రం నాకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

సాయిబు కొక్కెం దగ్గర వంగి చూసి నవ్వాడు. "ఈ పని ఎవరిది?"

కొక్కేనికి, కడియానికి జనపనార చుట్టి ఉంది. ఇనుముకు ఇనుము తగలనంత మందంగా, ఆముదం కారేలా. ఎడ్లబండి ఇరుసుకు మా వైపు చేసే ఉపచారమే. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అంటారు కదా, ఆ సంగీతంతో పాటు దీపం కూడా పోయింది.

మా మామ గోడ దగ్గర నుంచి కదిలాడు.

"నేనే చుట్టా సాయిబూ. రోజూ పొద్దున్నే మారుస్తన్నా. బండి తెచ్చిన నాడు చూశా, గుంటలో పడ్డప్పుడల్లా ఇనుము ఇనుము కొట్టుకుని చానా అదురుతంది. ఆ అదురు వాడి నడుముకు తగులుద్దని."

వాడంటే మా ఆయన. ఆ మాట అంటూ కూడా మామ కొడుకు వంక చూడలేదు. కొడుకు తిరిగొచ్చాక వాళ్లిద్దరూ నోరారా మాట్లాడుకోగా నేను వినలేదు. ఎడ్లు పోయినందుకు ఆయనకు కోపమనుకున్నాను. తెల్లవారుతూనే దొడ్లోకి పోతుంటే, ఖాళీ కొట్టం చూసుకుని దిగులు పడుతున్నాడనుకున్నాను. చేతిలో బల్బు వెలిగినప్పటికన్నా ఇప్పుడు ఎక్కువ విస్తుపోయాను.

సాయిబు నార కోయడానికి కత్తి తీశాడు.

"కొయ్యొద్దు సాయిబూ." మా ఆయన స్విచ్చు వదిలి దిగొచ్చాడు. "అది ఉండనీ. పక్క నుంచి వేరే తీగ వెయ్యి."

"తీగ దండగ గదా. కోస్తే చిటికెలో పని."

"వెయ్యి."

సాయిబు ట్రక్కు ఇనుముకు ఒక కొస, ట్రైలరు ఇనుముకు ఒక కొస బిగించి తీగ వేశాడు. అప్పటికి పొద్దు వాలుతోంది. మా ఆయన మళ్లీ ఎక్కి స్విచ్చు నొక్కాడు. తోకబండి వెనక ఎర్రగా దీపం వెలిగింది. సందెదీపం పెట్టినప్పటిలా నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

మా మామ దగ్గరికొచ్చి, దాని ముందు గొంతుకూర్చుని, రెండు అరచేతులూ చుట్టూ అడ్డం పెట్టాడు. వేళ్ల సందుల్లోంచి ఎరుపు కనిపించింది.

"గాలి తోలతందిరా" అన్నాడు, కొడుకుతో.

"ఆరదులే నాయనా" అన్నాడు మా ఆయన. అని, ఆయన పక్కనే కూర్చుని, తనూ ఒక చెయ్యి అడ్డం పెట్టాడు.