రాహేలు గుడ్ల జున్ను

కుప్పం మిషన్ బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పే ప్రభుదాసు, ఒకరోజు పిల్లల పలకల మీద లెక్కలు దిద్దుతూ నోటికి పైపంచె అడ్డం పెట్టుకుని దగ్గాడు. పంచె తీసి చూసుకుంటే నెత్తురు. 1943, జూన్ నెల అది.

ఆయన భార్య రాహేలు ఆ పంచెను ఎవరి కంటా పడకుండా ఉడకబెట్టి ఉతికింది. రెండు వారాలకు ఇక దాచడానికి వీల్లేకపోయింది. ఊళ్లో డాక్టరు ఎదురొమ్ము మీద గొట్టం పెట్టి చూసి, "ఇక్కడ నేను చేయగలిగింది లేదు. మదనపల్లె శానిటోరియంకు తీసుకుపొండి" అన్నాడు. పిల్లల్లేని ఇల్లు కాబట్టి తాళం వేయడానికి ఎంతోసేపు పట్టలేదు. ఒక ట్రంకు పెట్టె, ఒక పరుపుచుట్ట తీసుకుని ఇద్దరూ బస్సెక్కారు. యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు వెనకాల బొగ్గుల పీపా తగిలించుకుని, ఆ బొగ్గుల నుంచి వచ్చే గ్యాసుతోనే నడిచేవి. పలమనేరు దాటాక ఒక మిట్ట ఎక్కలేక బస్సు నిలిచిపోతే, మగవాళ్లంతా దిగి తోశారు. ప్రభుదాసు కూడా లేవబోతే రాహేలు ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆ చెయ్యి అప్పటికే వెదురుపుల్లలా ఉంది.

క్షయకు సూదిమందు ఇంకా రాని కాలం. కదలకుండా పడుకోవాలి, మంచి గాలి పీల్చాలి, ఒళ్లు పట్టేలా తినాలి. వైద్యం చాలామటుకు అంతే. మొదటి రెండూ ప్రభుదాసు బుద్ధిగా చేశాడు. మూడోది ఆయన వల్ల కాలేదు. పాలు రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టేసేవాడు. ఉడికిన గుడ్డు వాసనకే కడుపులో తిప్పేది. శనివారం శనివారం రోగులను తూకం వేసేవాళ్లు. మూడో శనివారం నర్సు రాజమ్మ, వరండా చివరికి రాహేలును పిలిచి మెల్లగా చెప్పింది.

"మళ్లా రెండు పౌన్లు తగ్గినారమ్మా మీ ఆయన. ఇట్లే పోతే మేమేం చేసినా నిలవదు. గుడ్లూ పాలూ లోపలికి పోవల్ల. ఎట్ల పంపిస్తావో నువ్వే ఉపాయం సూడు."

రాహేలు ఏడవలేదు. శానిటోరియంకు దగ్గర్లో ఉన్న పల్లెలో పాపమ్మ అనే ఆవిడ ఇంటి పక్క వసారాలో ఆమె ఉంటోంది. రోగుల మనుషులకు అద్దెకిచ్చేందుకు చాలామంది జంకేవాళ్లు. పాపమ్మ మాత్రం, "పడుకునేదానికి సోటు లేకుంటే మనిషి యాడికి పోతాడు" అని తలుపు తీసింది. ఆమెకు రెండు పుంగనూరు ఆవులుండేవి, పొట్టివి, నడుము ఎత్తు కూడా లేనివి. వాటి పాలు మాత్రం మీగడ గట్టిగా కట్టేవి. ఆ సాయంత్రం ఆవుల దగ్గర కూర్చుని పాలు పితికేది చూస్తుంటే రాహేలుకు తండ్రి గుర్తొచ్చాడు.

ఆమె తండ్రి అబ్రహాము పుంగనూరులో ఒక దొరసాని బంగళాలో ముప్పై ఏళ్లు వంట చేసినవాడు. చిన్నప్పుడు రాహేలు బంగళా వెనక మెట్ల మీద కూర్చుంటే, ఆయన గిన్నె అడుగున మిగిలిన పుడ్డింగు గీకి ఆమె అరచేతిలో పెట్టేవాడు. పాలు, గుడ్లు, చక్కెర, అంతే అందులో ఉండేవి. గుడ్డు వాసన మాత్రం వచ్చేది కాదు.

మర్నాడు తెల్లవారే బస్సులో ఆమె పుంగనూరు వెళ్లింది. అబ్రహాముకు డెబ్భై దాటాయి. చేతులు వణుకుతాయి, గరిటె పట్టలేడు. రాహేలు ఆయనకు అల్లుడి సంగతి చెప్పి, ఆ పుడ్డింగు ఎలా చేయాలో అడిగింది. ఆయన గోడకు చేరగిలబడి, ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టాడు.

"చక్కెర దొరకదు గదా, బెల్లమే ఎయ్యి. అయితే పాలు కాచి బాగా సల్లారనియ్యి. బెల్లం వేరేగా కరగబెట్టి, వడగట్టి, అదీ సల్లారనియ్యి. వేడి మీద రెండూ కలిపితే పాలు ఇరిగిపోతాయి. గుడ్లు నురుగొచ్చేట్టు గిలకొట్టబాక, కలిస్తే సాలు. రెండు ఏలక్కాయలు దంచి వెయ్యి. ఆ గిన్నెను నీళ్లుండే ఇంకో గిన్నెలో పెట్టి, అవన్లో పెట్టల్ల."

"మనకు అవను యాడిది నాయనా?"

"దొరసాని అవను మాత్రం ఏంది? ఇనుప డబ్బానే గదమ్మా. సెగ కిందా ఉండల్ల, పైనా ఉండల్ల. దాంట్లో ఇంకేం మర్మం లేదు."

"వేడి సరిపోయిందని ఎట్ల తెలుస్తాది?"

"సిటికెడు పిండి లోపల సల్లి, యాభై లెక్కబెట్టు. లేత బెల్లం రంగొస్తే సరి. నల్లబడితే తలుపు తీసి కాసేపు ఆరనియ్యి."

ఆమె బస్సుకు బయల్దేరుతుంటే ఆయన ముంగిట్లోకి వచ్చి నిలబడ్డాడు. "నేను వచ్చి చేసి పెట్టే ఒంటితో లేనమ్మా" అన్నాడు. "చెప్పినావు గదా నాయనా, చాలు" అంది రాహేలు.

మదనపల్లె బజారులో డబ్బాలకూ బిందెలకూ మాటు వేసే గురప్ప దగ్గర ఆమె ఒక ఖాళీ కిరసనాయిలు డబ్బా సంపాదించింది. ఆయన దానికి ఒకవైపు తలుపు కోసి, అంచులకు మాటు వేసి ఇచ్చాడు. పాపమ్మ పెరట్లో మూడు రాళ్ల మీద డబ్బాను అడ్డంగా పెట్టి, కిందా పైనా వేరుశనగ పొట్టు నిప్పులు పోసింది. పిండి చల్లి, లెక్కబెట్టి, గిన్నె లోపల పెట్టింది. పావుగంటకు డబ్బా అడుగు ఊడి నిప్పుల్లో పడింది. పాలూ గుడ్లూ బూడిదలో కలిసిపోయాయి. మొదటిసారి రాహేలుకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆ గుడ్లు దొరకడానికి ఆమె రెండు పల్లెలు తిరిగింది.

ఊడిన డబ్బాను మోసుకెళ్లి గురప్ప ముందు పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నెత్తి గోక్కున్నాడు.

"నిప్పుల్లో పెట్టేదని నువ్వు సెప్పలేదు గదమ్మా. మాటు వేసేది నీళ్లు కారకుండా. సెగ తగిలితే ఆ లోహం కరిగిపోతాది. అయినా నేను అడిగుండాల్సింది. ఇంతకూ ఏం వండుతాండావు?"

ఆమె చెప్పింది. గురప్ప పని పక్కన పెట్టి అంతా విన్నాడు. ఆపైన డబ్బా అంచులన్నీ విప్పి, ఒకదానిలో ఒకటి రెండు మడతలుగా దూర్చి, సుత్తితో కొట్టుకుంటూ వచ్చాడు. మాటు చుక్క కూడా వాడలేదు. విరిగిపోయిన గొడుగు ఒకటి తెచ్చి, దాని కమ్మీలతో లోపల గిన్నె నిలబెట్టేందుకు మెట్టు చేశాడు. పొద్దు గూకేదాకా ఆ ఒక్క పనే చేశాడు. "ఇంక ఊడదు. మీ ఆయనకు బాగైనాక నాకూ ఒక ముక్క తెచ్చియ్యి" అన్నాడు.

పాపమ్మ బంకమట్టిలో తరిగిన వరిగడ్డీ పేడా వేసి తొక్కి, డబ్బా చుట్టూ మూడు వేళ్ల మందాన మెత్తింది. సెగ బయటికి పోకుండా అది పట్టి ఉంచింది. ఈసారి గిన్నె బయటికి తీసినప్పుడు పుడ్డింగు లేత తేనెరంగులో, తట్టితే అదిరేంత మెత్తగా నిలిచింది. మొదటి చెంచా పాపమ్మ నోట్లో పెట్టింది రాహేలు. ఆమె చప్పరించి, "మా ఆవు ఈనకుండానే జున్ను చేసినావే" అంది.

ఆ మాటే పట్టుకుంది రాహేలు. ప్రభుదాసుకు జున్నంటే ప్రాణం. మంచం పక్కన గిన్నె పెట్టి మూత తీస్తే, ఏలకుల వాసనకు ఆయన ఇటు తిరిగాడు.

"ఏందది?"

"పాపమ్మ ఆవు ఈనింది. జున్ను."

ఆయన ఒక చెంచా తిన్నాడు. ఇంకొకటి తిన్నాడు. గిన్నె సగానికి వచ్చాక కళ్లు మూసుకుని పడుకున్నాడు. కడుపులో తిప్పలేదు. రాహేలు మిగతా సగం మీద మూత పెట్టి, సాయంత్రానికి దాచింది.

రోజూ అదే. ఒకరోజు రెండో ఆవు ఈనిందంది. ఒకరోజు పక్కింటివాళ్ల ఆవు ఈనిందంది. శనివారం తూకంలో ముల్లు కిందికి దిగలేదు. ఆపై శనివారం ఒక పౌను పెరిగింది. రాజమ్మ రాహేలు భుజం మీద చెయ్యి వేసి నొక్కి వెళ్లిపోయింది. ఇంక అబద్ధం వద్దనుకుని, ఆదివారం ప్రార్థన అయ్యాక రాహేలు చెప్పేసింది.

"అది జున్ను కాదు. గుడ్లేసి చేసింది. మిమ్మల్ని మోసం చేసినాను."

ప్రభుదాసు నవ్వాడు. నవ్వితే దగ్గు రావడం కూడా తగ్గింది అప్పటికి. "రోజుకొక ఆవు ఈనితే మదనపల్లెలో మనుషులు నడిచే దానికి సోటుంటాదా? నాకు మూడో రోజే తెలుసు. అడిగితే చెయ్యడం మానేస్తావేమోనని ఊరకుండాను."

పక్క మంచాలవాళ్లు కూడా అడగసాగారు. ఎవరి గుడ్లు వాళ్ల మనుషులు తెచ్చిచ్చేవాళ్లు. గుడ్డు మీద బొగ్గుతో పేరు రాసేవాళ్లు. రాహేలు పొద్దున్నే నాలుగు విడతలుగా వండి, గిన్నెలు గంపలో పెట్టుకుని తీసుకెళ్లేది. రాగిపిండి, గోధుమపిండి సగం సగం కలిపి, పుల్లమజ్జిగా సోడాఉప్పూ వేసి, వెన్నతో బెల్లం కేకు చేయడం కూడా తానే తంటాలు పడి నేర్చుకుంది. రెండు కేకులు రాళ్లయ్యాయి. మూడోది పొంగింది. అందులో మొదటి ముక్క గురప్పకు చేరింది.

పద్నాలుగు నెలలకు ప్రభుదాసు తన కాళ్ల మీద నడిచి బస్సెక్కాడు. పాపమ్మ బస్సు దాకా వచ్చి, మట్టి రాల్చి శుభ్రం చేసిన డబ్బాను రాహేలు చేతికిచ్చింది. "ఊరికి పోయి మళ్లా మట్టి మెత్తుకో. మూడు వేళ్ల మందం, మరిచిపోబాక."

కుప్పంలో బడివాళ్లు ప్రభుదాసును రోజుకు ఒక్క పూట పాఠాలు చెప్పేందుకు తీసుకున్నారు. ఊరు మాత్రం అంత తొందరగా తీసుకోలేదు. బావి దగ్గర రాహేలు చేదను ఎవరూ ముట్టేవాళ్లు కాదు. పలకరిస్తే పలికేవాళ్లు, గడప మాత్రం దాటేవాళ్లు కాదు. ఆ ఏడు క్రిస్మసుకు ఆమె వేరుశనగపప్పు వేసి పెద్ద కేకు చేసి, మిషన్ గుడిలో అందరి పలహారాల పక్కన పెట్టింది. ఆరాధన అయ్యాక అరిసెలు అయిపోయాయి, మురుకులు అయిపోయాయి. కేకు కోసిన ముక్కలు కోసినట్టే ఉండిపోయాయి.  ఆమె పళ్లెం మీద గుడ్డ కప్పుకుని ఇంటికి తెచ్చుకుంది. మూడు రోజులు మొగుడూ పెళ్లామూ అదే తిన్నారు.

"బాధగా ఉండాదా?" అని అడిగాడు ప్రభుదాసు.

"ఉండాది" అంది రాహేలు. "అయితే వాళ్లది భయం. మనకు మాత్రం ఆ పద్నాలుగు నెలలు భయం లేకుండా ఉండిందా?"

సంక్రాంతి వెళ్లిన నెలకు, ఒక మధ్యాహ్నం వాళ్ల వీధి వాకిట్లో శ్యామలమ్మ నిలబడింది. పశువులూ శనగ చేలూ ఉన్న పెద్ద రైతు కుటుంబం ఆమెది. ఆ ఇంటివాళ్లు రాహేలు గుమ్మం తొక్కడం అదే మొదలు.

"మా కోడలు అన్నపూర్ణమ్మకు నెత్తురు పడతాండాది" అంది, నిలబడే. "రేపు మదనపల్లెకు తీసకపోతాండాము. మెతుకు ముట్టదు. మీ ఆయనకు నువ్వేందో చేసి పెట్టినావంట. సెప్తావా అమ్మా?"

"లోపలికి రాండి. చెప్తే రాదు. చేస్తూ చూడల్ల."

శ్యామలమ్మ ఒక్క క్షణం తటపటాయించి లోపలికి వచ్చింది. పీట మీద కూర్చుని పాలు చల్లారేదాకా ఆగింది. బెల్లం వడగట్టింది. పిండి రంగు మారేది చూడమంటే డబ్బాలోకి తొంగి చూసి, పెదాలు కదుపుతూ యాభై లెక్కబెట్టింది. పుడ్డింగు దిగాక రాహేలు దాన్ని ఒక ఆకులో వేసి, పెట్టాలా వద్దా అని ఆగింది. శ్యామలమ్మే ఆకు అందుకుని తిన్నది. "ఇది తినకుంటే పిల్లకు నాలుకే లేనట్ల" అంటూ కళ్లొత్తుకుంది. మర్నాడు పొద్దున బస్సు దగ్గరికి వెళ్లి రాహేలు ఆమెకు తన డబ్బా ఇచ్చేసింది. పాపమ్మ ఇంటి గుర్తులు చెప్పింది. రాజమ్మ పేరు చెప్పింది.

"మరి నీకు?" అని అడిగింది శ్యామలమ్మ.

"ఈ మధ్య ఈడ తినేవాళ్లు ఎవురుండారు లేమ్మా. ఆడ పనికొస్తాది."

అన్నపూర్ణమ్మ తిరిగి రావడానికి ఏడాదిన్నర పట్టింది. 1946 ఆగస్టులో వచ్చిందామె, బుగ్గలు నిండి, నడుముకు కొంగు బిగించి. ఆ ఆదివారం శ్యామలమ్మ వీధి వీధంతటినీ భోజనానికి పిలిచింది. ముందురోజే రాహేలును తన ఇంటికి తీసుకెళ్లి, మదనపల్లె నుంచి వెనక్కి తెచ్చిన ఆ డబ్బాతో వంటింట్లోనే కేకు చేయించింది. భోజనాలయ్యాక కేకు పళ్లెం రాహేలుకు ఇవ్వలేదు, పనివాళ్లకూ ఇవ్వలేదు. తానే పట్టుకుని బంతి దగ్గరికి వచ్చింది. అందరూ చూస్తుండగా ఒక ముక్క తాను తిని, ఒకటి కోడలి నోట్లో పెట్టి, వరసగా పంచుకుంటూ పోయింది.

"ఈయమ్మ చేతి తిండితోనే నా కోడలు నడిచి వచ్చింది. తినండప్పా" అంది.

బావి దగ్గర చేద ముట్టని నారాయణప్ప పెళ్లాం ముక్క తీసుకుంది. చేతిలో పెట్టుకుని కాసేపు చూసింది. తర్వాత తిన్నది. ఆమె కూతురు ఇంకొకటి కావాలంది.

వంటింటి గడప దగ్గర కూర్చున్న రాహేలుకు అదంతా కనిపిస్తూనే ఉంది. ఏ దేవదూత దిగి వచ్చినా ఆమెకు అంత సంతోషం కలిగేది కాదేమో. పుంగనూరులో గోడకు చేరగిలబడిన తండ్రినీ, పొద్దు గూకేదాకా సుత్తి ఆపని గురప్పనూ, తలుపు తీసిన పాపమ్మనూ తలుచుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని తల వంచుకుంది. శ్యామలమ్మ వచ్చి పక్కన కూర్చునేదాకా తల ఎత్తలేదు.

ఆ క్రిస్మసుకు ముందే గుడి ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చారు, కేకు చేయడం నేర్పమని. పళ్లెం నిండా కేకు మిగిలిపోయిన ఆ పాత సంగతి ఆమె ఎత్తలేదు. కొత్త డబ్బాకు మడతలు ఎలా వేయించాలో, మట్టి ఎంత మందాన మెత్తాలో చెప్పి, పాలు కాచి పక్కన పెట్టింది.

రాత్రి ప్రభుదాసు అడిగాడు, "వాళ్లను ఒక్క మాటన్నా అనాలనిపించలేదా నీకు?"

"నాకు నేర్పినోళ్లు నన్ను ఒక్క మాటన్నా అని నేర్పినారా?" అంది రాహేలు. ఆయనకు దుప్పటి కప్పి, పొద్దున్నే ఆ ఆడవాళ్లు గుడ్లు తెచ్చుకుని వస్తారని దీపం తగ్గించింది.