ఊపకూడని జెండా

నవ్వనంటే చెప్తాను. సరే, నవ్వండి. బోధన్ ఊరంతా నవ్వాక మీరొక్కరూ ఆగి ఏం లాభం?

"కార్మికుడు జెండా ఎత్తిన నాడు చక్రాలన్నీ ఆగిపోతాయి!" అని మూడేళ్లుగా హోటలు బెంచీల మీద గొంతు చించుకుంటున్నానా? మొన్న ఆదివారం ఆగాయి. నిజంగానే ఆగాయి! పన్నెండు డబ్బాల చెరుకు రైలు, పట్టాల మీద కీచుమని అరిచి నిలబడిపోయింది. ఆపింది నేనే. కారణం? దోపిడీ కాదు, అణచివేత కాదు. ఆఫ్‌సైడ్!

మొదటినుంచి వినండి. మా చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఆడే రోజుల్లో ఆదివారం సాయంత్రం ఫుట్‌బాల్ ఉంటుంది. ఫ్యాక్టరీ కూలీలది గేటు జట్టు, గుమాస్తాలది ఆఫీసు జట్టు. నేను ఎవరి వైపో చెప్పక్కర్లేదు. గేటు జట్టు సెంటర్ ఫార్వర్డ్ సాయిలన్న. పొలాల నుంచి చెరుకు తెచ్చే చిన్న రైలుకు డ్రైవరు. రెండు నెలల కింద ఆయన కొట్టిన గోలుకు లైన్స్‌మన్ జెండా ఎత్తాడు. గోలు పోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. గీత పక్కన నిలబడి, "అమ్ముడుపోయిన జెండా! డౌన్ డౌన్!" అని మొదలుపెట్టాను. జనమంతా అందుకున్నారు. ఆ లైన్స్‌మన్ మనసు విరిగి, మళ్లీ గ్రౌండు వైపు రాలేదు.

రెండు నెలల తర్వాత రిఫరీ ఖాదర్ సాబ్ నన్ను పిలిచాడు. బజార్లో గడియారాలు బాగుచేస్తాడు. మాట కూడా గడియారం లాగే, తక్కువా ఎక్కువా ఉండదు.

"క్యా మియా, బాగ ఒర్లుతవు గదా. వచ్చే ఐతారం లైన్ మీద నువ్వే ఉరుకు."

"నేనా?"

"నువ్వే. ఒక్క మ్యాచ్ సూస్త. సక్కగ చేస్తే సీజనంత జెండా నీదే. చెయ్యకుంటే మాత్రం గీత అవుతల నోరు మూసుకొని కూసోవాలె. హమేషా. కబూలా?"

నోరు మూసుకోవడమా! నాకు ఉద్యోగం లేదు, ఆస్తి లేదు, ఉన్నదల్లా నోరే. అది పందెం పెట్టి ఒప్పుకున్నాను.

బల్ల సొరుగులోంచి ఆయన రెండు జెండాలు తీశాడు. ఒకటి పసుపు, ఒకటి ఎరుపు. ఏది కావాలని అడగబోయేలోపే నా చెయ్యి ఎర్రదాని మీద ఉంది.

"అరె, గిది నీ పార్టీది గాదు మియా, ఆటది," అన్నాడు. తర్వాత పాఠం చెప్పాడు. ఎండ్రకాయ లాగా పక్కకు ఉరకాలి. కళ్లు బంతి మీద కాదు, ఎదుటి జట్టులో వెనకనుంచి రెండో మనిషి మీద ఉండాలి. కీపరు ఒకడు, వాడు కాక ఇంకొకడు. ముందుకు బంతి తన్నిన క్షణాన, తన్నిన జట్టువాడు ఆ రెండోవాణ్ణి దాటి ఉంటే ఆఫ్‌సైడ్. "తన్నిన సప్పుడు చెవుతోని ఇను. కండ్లు మనిషి మీదనే ఉంచు. జెండా ఎత్తు, అట్లనే పట్టు. ఊపకు. ఊపేది జులూసుల."

ఎత్తు, పట్టు, ఊపకు. మూడే ముక్కలు! పెద్ద పెద్ద సిద్ధాంతాలు నమిలినవాడికి ఇదొక లెక్కా?

ఆదివారం పొద్దున పదింటికి ప్రాక్టీసుకు బయల్దేరాను. తిన్నగా ఉండే గీత ఊళ్లో ఎక్కడుంది? మా ఇంటి వెనక చెరుకు రైలు కట్ట ఉంది. ఎంత దూరం చూసినా వంకర లేదు. కట్ట మీద పట్టాల పక్కనే కాలిబాట. అవతల చెరుకుతోట. తోటవైపు మొహం, పట్టాలవైపు వీపు పెట్టి, ఎండ్రకాయ నడక మొదలుపెట్టాను. తోటగట్టు మీది తుమ్మమొక్కల్లో చివరిది కీపరు, దాని ముందుది రెండోవాడు. తన్నిన చప్పుడు నేనే నోటితో చేసుకుంటున్నాను. ధన్! ఆఫ్‌సైడ్! జెండా పైకి!

మొదటి పదిసార్లు ఎత్తాను, పట్టాను. పదకొండోసారి ఊహలో గ్రౌండు నిండా జనం కనబడ్డారు. జనం కనబడితే నా చెయ్యి నా మాట వినదు. అలవాటు! ఊపాను. బాగా ఊపాను. జులూసు ముందర నడిచినట్టు, కుడికీ ఎడమకీ, ఆకాశం చిరిగిపోయేలా.

రైలు కూత వినబడలేదా అంటారా? వినబడింది. మా ఇంటి వెనక రైలు కూత వేయడం కాకి అరవడం లాంటిదే. ఎవరు పట్టించుకుంటారు? నా వీపు వెనక కీచుమని ఇనుము అరిచినప్పుడు మాత్రం తిరిగి చూశాను. పది గజాల దూరంలో ఇంజను, బుస్సుమంటూ.

సాయిలన్న దూకాడు. వెనక డబ్బా నుంచి బ్రేకు చూసే ముసలి గంగారాం తాత ఉరికొచ్చాడు.

"ఏమైందిరా? పట్టా ఇరిగిందా?" అన్నాడు తాత.

"లేదు తాతా... అంటే... ఆఫ్‌సైడ్..."

"ఆఫ్ సైడా? ఏ సైడు? గీ సైడా, గా సైడా?" అని వంగి కట్ట రెండువైపులా చూడటం మొదలుపెట్టాడు!

సాయిలన్నకు మాత్రం అర్థమైంది. నా చేతిలో జెండా చూశాడు, నా కాళ్ల వంకర చూశాడు. "నీ పాడుగాను! లైన్‌మెన్ నువ్వేనా తమ్మీ ఇయ్యాల? మ్యాచ్ ఉన్నదని పొద్దుగాల్నే లోడ్ ఎత్తుకొని వస్తున్న. తాతా, ఎక్కు, పోదాం."

"యాడికి పోతవు?" అన్నాడు తాత. "ఎర్రజెండ ఊపిండా లేదా? ఊపినంక ముంగటి పట్టా మొత్తం నడిచి సూడందే బండి కదలద్దు. రూలు."

"అరె తాతా, గాడు ఆటకు ఊపిండు!"

"జెండకు ఆట తెల్వది బిడ్డా. రూలు రూలే."

కార్మికవర్గ క్రమశిక్షణ గురించి నేనిచ్చిన ఉపన్యాసాలు ముప్పై ఉంటాయి. అది ఎంత మెల్లగా నడుస్తుందో ఆ రోజే తెలిసింది. తాత ఒక్కో పట్టాను సుత్తెతో కొట్టి, చెవి పెట్టి విని, తల ఊపి, తర్వాతదానికి పోయేవాడు. వెనక నేను, దొంగను పట్టుకుపోతున్నట్టు.

ఇంతలో వెనక కేకలు. ఆగిన రైలును చూసి ఎక్కడెక్కడివాళ్లో వచ్చారు. ఆడవాళ్లు, ముసలివాళ్లు, మేకలు కూడా. డబ్బాల్లోంచి చెరుకులు లాగుతున్నారు. సాయిలన్న ఒకవైపు తరిమితే రెండోవైపు లాగుతున్నారు.

"లీడరూ, సూడు నీ జనాన్ని!" అని అరిచాడు. "సమానంగ పంచుకుంటున్రు!"

నేను ఉరికాను. "ఆగండి! ఇది ప్రజల సొత్తు!"

ఒక ముసలవ్వ చంకలో ఆరు గడలు సర్దుకుంటూ నావైపు చూసింది. "మరి మేం ఎవ్వలం కొడుకా?"

ఈ ప్రశ్నకు జవాబు ఏ పుస్తకంలోనూ చదివిన గుర్తు లేదు.

బండి కదిలేసరికి ఒంటిగంట. అప్పటికి ఫ్యాక్టరీ దగ్గర ఎడ్లబండ్లు బారులు తీరాయి, చిన్న రైలు వంతు వచ్చి లోడు దిగేసరికి సాయంత్రమైంది. నాలుగింటికి ఖాదర్ సాబ్ గడియారం చూసి విజిల్ వేశాడు. గేటు జట్టు పదిమందే. ఐదు నిమిషాల్లో ఆఫీసు జట్టు ఒక గోలు కొట్టింది. గీత మీద నేను ఎండ్రకాయలా ఉరుకుతున్నాను. అరగంట దాటాక సాయిలన్న వచ్చాడు, మొహం నిండా బొగ్గుతో. నావైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపుకు నేను బూడిదైపోవాల్సింది.

ఆట ఇక రెండు నిమిషాలుందనగా, మధ్యనుంచి ఎవడో బంతి పొడుగ్గా తన్నాడు. ధన్! చెవులు విన్నాయి. కళ్లు రెండో మనిషి మీదే ఉన్నాయి. సాయిలన్న అతణ్ణి ఒక అడుగు దాటి ఉన్నాడు. ఒక్క అడుగే! ఆయన ఉరికాడు, కొట్టాడు, బంతి లోపలికి పోయింది. జనం ఎగిరి గంతేశారు.

ఆ క్షణంలో నాకు అన్నీ గుర్తొచ్చాయి. నా వర్గం, నా పక్షం, పొద్దున నేను పాడుచేసిన సాయిలన్న పూట. చెయ్యి లేవనంటోంది. ఎత్తకపోతే ఎవరికీ తెలియదు, నాకు తప్ప. కానీ రెండు నెలల కింద ఒకణ్ణి అమ్ముడుపోయావని తిట్టి ఇంటికి పంపింది నేనే కదా? అతని చెయ్యి కూడా ఇంతే బరువైందేమో.

ఎత్తాను. పట్టాను. ఊపలేదు.

విజిల్. గోలు లేదు. తర్వాత వెనకనుంచి పిడుగు పడ్డట్టు, "అమ్ముడుపోయిన జెండా! డౌన్ డౌన్!" నేను నేర్పిన నినాదమే! గొంతులు ఏం కలిశాయనుకున్నారు! అంత బాగా నా వెనక ఎప్పుడూ పలకలేదు.

సాయిలన్న నా దగ్గరికే వచ్చాడు. కొడతాడనుకుని కళ్లు మూసుకున్నాను.

"పొద్దుగాల బండి ఆపినవు. ఇప్పుడు గోల్ ఆపినవు. లోకంల నేనొక్కన్నే దొరికిన్నా నీకు?"

"సాయిలన్నా... ఒక్క అడుగు..."

ఆయన బొగ్గు చేతితో నా తెల్ల చొక్కా భుజం మీద గట్టిగా చరిచాడు. "నాకెర్కనే తీయ్. అడుగున్నర ఉంటది."

ఖాదర్ సాబ్ జెండా వెనక్కి తీసుకోలేదు. "ఈసారి ఊపలే. పాస్," అన్నాడు. అంతే.

అయిపోయిందనుకున్నారా? నేనూ అనుకున్నాను. సోమవారం పొద్దున ఎనిమిదింటికి మా ఇంటి వెనక కూత. ఆగదే! బయటికి పోయి చూస్తే రైలు నిలబడి ఉంది. ఇంజనులోంచి సాయిలన్న తల బయటపెట్టాడు. "లీడరూ! పోవచ్చునా?"

"పోవే అన్నా!" అని చెయ్యి ఊపాను.

వెనక డబ్బాలోంచి గంగారాం తాత అరిచాడు. "చేత్తోని నడ్వది! ఎర్రజెండ ఊపినోడే పచ్చజెండ సూపియ్యాలె! రూలు!"

ఆనాటి నుంచి రోజూ ఇదే. మీరే చూడొచ్చు. చక్రాలన్నీ ఆపిపారేస్తానని ఊరంతా చెప్పుకు తిరిగినవాణ్ణి, ఇప్పుడు పొద్దున్నే వేప పండ్లపుల్ల నోట్లో పెట్టుకుని, కట్ట పక్కన నిలబడి, మా అవ్వ ఆకుపచ్చ రవికె ఊపి చక్రాలను డ్యూటీకి సాగనంపుతున్నాను. ఇది మాత్రం ఎంతైనా ఊపొచ్చునట!