ఎర్రసముద్రం మీద లేచిన గీత

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, ఎండలు ముదిరిన రోజుల్లో నన్ను సౌదీలోని తాయిఫ్‌కు పంపారు. పరిశోధన విమానంలో గాలిని విశ్లేషించే యంత్రం బాధ్యత నాది. చెట్లు వదిలే సువాసన వాయువులను కొలవాలి. అవి ఓజోన్ తగిలితే కొద్ది గంటల్లోనే మాయమవుతాయి. వంద కోట్ల గాలి అణువుల్లో ఒకటో అరో ఉండేదాన్ని పట్టుకోవడం, ఇన్నేళ్ల సర్వీసు తర్వాత కూడా నాకు వింతే.

విమానం బయటి గాలిని ఒక గొట్టం పీల్చి, కేబిన్‌లో ఉన్న యంత్రానికి అందిస్తుంది. అయినా జాగ్రత్త కోసం సెంటు పూసుకుని ఎక్కకూడదని రూలు.

ఆ రోజు శుక్రవారం. జుమ్మా నమాజు అయ్యాక ఎర్రసముద్రం మీదికి చివరి ఫ్లైట్. పర్మిట్ గడువు ఆ సాయంత్రంతో సరి. తీరం దాటి, చెట్టూ చేమా లేని నీళ్ల మీదికి వెళ్లాక, యంత్రం తెరపై ఆ వాయువుల మోతాదు చూపే గీత నిటారుగా లేచింది. మా బృంద నాయకురాలు, జర్మన్ శాస్త్రవేత్త, సీటు బెల్టు విప్పుకుని వచ్చి చూసింది. సముద్రమే ఈ వాయువును వదులుతోందా అంది. నిజమైతే లోకానికి కొత్త సంగతి. అబద్ధం ఎందుకు, నాకూ ఒళ్లు జలదరించింది. యంత్రంలో తేడా ఉంటే మాత్రం సీజన్ పనంతా గంగపాలే.

అంతలో ఒకటి గమనించాను. నా పక్కన కూర్చునే కడప టెక్నీషియన్ మస్తాన్ లేచి వెనక్కి వెళ్తే గీత దిగుతోంది. వచ్చి కూర్చుంటే లేస్తోంది.

"మస్తాన్ భాయ్, ఏం పూసుకున్నావయ్యా?"

"గులాబీ అత్తరు సార్. జుమ్మా గదా, అలవాటుగా రాసుకుంటి. రూలు మర్సేపోయినా."

అతన్ని కోప్పడే తీరిక లేదు. గులాబీ అత్తరులోనూ ఉండేది ఆ జాతి వాయువులే. బయటి గాలి పీల్చే యంత్రానికి లోపలి అత్తరు తెలిసిందంటే గొట్టం ఎక్కడో లీకవుతున్నట్టే. ఇద్దరం జాయింట్లన్నీ తడిమాం. ఒక నట్టు వదులై ఉంది. మస్తాన్ బిగించాడు. కాసేపటికి, అతను పక్కనే ఉన్నా, గీత అడుక్కి దిగి కదలకుండా నిలిచింది.

ఆ నట్టు ఎప్పుడు వదులైందో తెలియదు కాబట్టి వెనకటి ఫ్లైట్ల అంకెలు కూడా పక్కన పెట్టాలని నాయకురాలికి చెప్పాను. ఆమె ముఖం చిన్నబోయింది, కానీ ఒప్పుకుంది.

తిరుగుదారిలో తాయిఫ్ కొండల జూనిపర్ చెట్ల అడవి మీదికి వచ్చాం. గీత మెల్లగా, తడబడకుండా పైకి లేచింది. ఈసారి లీకు లేదు. ఎండకు కింద చెట్లు వదులుతున్న ఊపిరి తెర మీద కనబడుతోంది.  నాకైతే చేతులెత్తి మొక్కాలనిపించింది.

ఆ సీజన్ మొత్తంలో నిలిచినవి ఆ గంటసేపు అంకెలే. గాలిలో కొత్త వాసన తగిలితే ముందు మన ఒంటిని వాసన చూసుకోవాలని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, విమానం నేల మీద ఉండగానే యంత్రం పక్కన అత్తరు సీసా మూత తీసేవాణ్ణి. గీత కదలకపోతేనే బయలుదేరవచ్చని చెప్పేవాణ్ణి.