చిత్తడిని కొలిచిన పిల్ల

పరాయి దేశంలో పెద్ద చదువు చదివే పిల్ల అంటే ఎలా ఉంటుందనుకుంటారు? శుభ్రమైన కోటు, భుజాన ల్యాప్‌టాప్ సంచి, అంతేగా? మన పిల్లకి మాత్రం మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, గోళ్ళ నిండా నల్లమట్టి. అద్దెకున్న ఇంట్లో తోటి అమ్మాయిలు ఆమెకి బురదమ్మ అని పేరు పెట్టేశారు. ఆ బూట్లు కడిగినప్పుడల్లా స్నానాలగది తూము మూసుకుపోయేది, ఓనరమ్మ తలుపవతల నిలబడి నెత్తీ నోరూ బాదుకునేది.

ఆమె చదువు వాతావరణ మార్పుల మీద. ఇంటి నుంచి అక్క ఫోన్ చేసిందంటే, "రేపు వాన పడుతుందో లేదో చెప్పవే, బట్టలు ఆరేసుకోవాలి" అని ఏడిపించేది. పాపం, ఆమె చూసేది ఆకాశాన్ని కాదు, నేలని. ఆమె చదివే ఊరి చివర పెద్ద చిత్తడి నేల ఉంది. వేల ఏళ్ళుగా చచ్చిన నాచు నీళ్ళలో మునిగి, కుళ్ళీ కుళ్ళక, పొరలు పొరలుగా పేరుకున్న నేల. నీళ్ళున్నంతకాలం దాని కార్బన్ దాని కడుపులోనే ఉంటుంది. నీళ్ళు పోయాయా, ఆ నాచంతా ఎండి, చివికి, గాలిలో కలుస్తుంది. ఒకసారి పోయిందంటే మన మునిమనవల కాలానికి కూడా తిరిగిరాదు. అందుకని ఆమె చిత్తడి పొడుగునా చిల్లుల గొట్టాలు పాతి, వారం వారం టేపు దింపి, నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో, ఎటునుంచి వచ్చి ఎటు పోతున్నాయో కొలిచేది.

సరిగ్గా ఆ నేల మీదే ఓ కంపెనీ కన్ను పడింది. ఎండబెట్టి గోదాములు కడతారట! ఇంకెక్కడా చోటు లేనట్టు!

వద్దని టెంటు వేసుకుని కూర్చున్నవాళ్ళకి పెద్దదిక్కు టీచరమ్మ. బడి నుంచి రిటైరై, చిత్తడి అంచున ఒక్కతే ఉంటున్న మనిషి. "పొద్దున్నే కిటికీ తెరిస్తే అది కనబడాలి నాకు. లేకపోతే ఎందుకు లేచానా అనిపిస్తుంది" అనేది. మన పిల్ల ఓ రోజు వానకి తడిసి ఆ టెంటులోకి దూరింది. వాన వెలిసింది గానీ ఆమె లేవలేదు. అట్టల మీద నినాదాలు రాసింది, కరపత్రాలు పంచింది, గొంతు బొంగురుపోయేదాకా అరిచింది. "పోలీసులు పట్టుకెళ్తే నీ వీసా గోవిందా!" అని అక్క గుండెలు బాదుకుంటే, "పోతే పోనీవే" అంది. మొండిఘటం.

ఆమె కొలతలు మాత్రం ఇంకా ఆమెచేత పరిశోధన చేయించే గైడు దగ్గరే ఉన్నాయి. ఆయన నిదానస్థుడు. "ముందు మన పరిశోధన పేపరు అచ్చవనీ, తర్వాత నెట్‌లో పెడదాం" అన్నాడు. వింటేగా! "అచ్చయ్యేసరికి చిత్తడే ఉండదు సార్. అక్కడేముందో జనానికి తెలిస్తే ఎవరూ ముట్టుకోరు" అని పోట్లాడి, గొట్టాల జాగాలూ, నీటి దారులూ, లోతులూ మొత్తం అందరికీ కనబడేలా పెట్టించింది. చదువుకున్నవాళ్ళకే ఉంటుంది ఈ పిచ్చి. నిజం నలుగురికీ తెలిస్తే చాలు, మంచి జరిగిపోతుందనుకుంటారు.

ప్రజాభిప్రాయ సేకరణ రోజు మున్సిపల్ హాలు కిక్కిరిసిపోయింది. కంపెనీ ఇంజనీరు తెర మీద కాలువల ప్లాను వేశాడు. మన పిల్ల చూడగానే పోల్చుకుంది. ప్రతి కాలువా ఆమె గుర్తించిన నీటి దారి మీదే ఉంది. నీళ్ళు ఎక్కడ ఊరుతున్నాయో సరిగ్గా అక్కడే గండి. మామూలుగా అయితే అంత చిత్తడిని ఎండబెట్టడం వాళ్ళ తరం కాదు, ఎక్కడ తవ్వాలో తెలియక ఏళ్ళూపూళ్ళూ తిప్పలు పడేవాళ్ళు. చేతులారా ఆమే దారి చూపించింది.

"ఇంత శ్రద్ధగా కొలిచినవాళ్ళు మాకెక్కడా దొరకలేదు" అన్నాడు ఇంజనీరు, ఎగతాళికి కాదు, మనస్ఫూర్తిగానే. "ఆ విద్యార్థినికి మా ధన్యవాదాలు."

కొందరు చప్పట్లు కూడా కొట్టారు, వాళ్ళ చేతులు పడిపోను!

ఆమె లేచి, అవి చిత్తడిని కాపాడ్డానికి తీసిన కొలతలని ఏదో చెప్పబోయింది. సభ నడిపిస్తున్న అధికారి చెయ్యెత్తి ఆపాడు.

"ఒక్కటి చెప్పమ్మా. నీ కొలతల్లో తప్పుందా? అనుమానం ఉందంటే ఇప్పుడే ప్లాను ఆపేస్తాను. మళ్ళీ కొలిపించాకే అనుమతి."

హాలంతా ఆమె వైపు తిరిగింది. పక్కనుంచి టీచరమ్మ కొంగు పట్టి లాగినట్టు ఆమె కోటు అంచు లాగింది. "ఉందని చెప్పు" అని గొణిగింది. "తప్పుందని చెప్పమ్మా. నీకు దణ్ణం పెడతాను."

ఎంతసేపు పడుతుంది ఒక్క మాటకి? కానీ ఆ గొట్టాలు ఆమె పాతినవి. చలిలో వేళ్ళు కొంకర్లు పోతున్నా రెండేసిసార్లు సరిచూసుకుని రాసుకున్న అంకెలు. అవి తప్పంటే ఆమె చదువే తప్పు. పైగా ఇప్పటిదాకా ఎవరితో పోట్లాడినా, మీ మాటా వద్దు మా మాటా వద్దు, లెక్క చూడండి అనేగా పోట్లాడింది!

"తప్పు లేదండీ" అంది.

అంతే. అయిపోయింది. ఇంటికొచ్చి అక్కకి ఫోన్ చేసి వెక్కివెక్కి ఏడ్చింది. "నిజమేగా చెప్పావు, ఏడుస్తావెందుకే?" అంది అక్క.

ప్రొక్లెయినర్లు వచ్చాయి, కాలువలు పడ్డాయి. చిత్తడి చుట్టూ కంచె లేచింది. గైడు మాత్రం చాలా సంతోషించాడు. ఎండకముందూ, ఎండుతున్నప్పుడూ ఒకే చోట కొలతలంటే మాటలా, థీసిస్‌కి తిరుగుండదన్నాడు. లోపలికి వెళ్ళి కొలుచుకోవడానికి కంపెనీయే ఆమెకి మెడలో వేసుకునే కార్డు ఇచ్చింది. వెళ్ళకూడదనుకుంది. వెళ్ళింది. చదువు ఆపితే వీసా ఉండదు, వీసా లేకపోతే చిత్తడి ఇలా చచ్చిపోయిందని రాసేవాళ్ళు కూడా ఉండరు. అలా సర్దిచెప్పుకుంది గానీ మనసు ఒప్పుకోలేదు.

ఓ సాయంత్రం ఆమె గేటు దాటి బయటికొచ్చేసరికి టీచరమ్మ టెంటు గుడ్డ మడతపెడుతోంది. మిగతావాళ్ళు ఎప్పుడో చెదిరిపోయారు. మన పిల్ల తల దించుకుని వెళ్ళి రెండో చివర పట్టుకుంది. టీచరమ్మ వద్దనలేదు. ఇద్దరూ కలిసి మడత వేశారు.

"లోపల, మా ఇంటి వెనకవైపు," అంది టీచరమ్మ, ఆమె మొహం చూడకుండా, "అక్కడైనా కాసిన్ని నీళ్ళు మిగిలాయా?"

అక్కడి గొట్టం ఇందాకే చూసింది. అడుగు దాకా టేపు దింపింది. పొడి మట్టి అంటుకుని పైకొచ్చింది.

"నీళ్ళు లేవండీ."

టీచరమ్మ మడతపెట్టిన గుడ్డని గుండెలకి అదుముకుని అక్కడే కూలబడింది.

"ఒక్కసారన్నా అబద్ధం చెప్పకూడదా తల్లీ!"