ముందే తీర్చిన మొక్కు

మునిశేఖర్‌కు మధ్యాహ్నం భోజనం చేయగానే నిద్ర వస్తుంది. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వెనక సందులో ఒక లాడ్జి ఉంది. అతను అక్కడ కౌంటర్ గుమాస్తా. సరిగ్గా ఆ వేళకే కొండ దిగివచ్చినవాళ్లు గది తాళాలు అడుగుతారు. పొద్దున జుట్టుతో పోయినవాళ్లు గుండ్లతో, గంధంతో తిరిగొస్తారు. మెలకువగా ఉన్నవాడికే వాళ్లను గుర్తుపట్టడం కష్టం. పోయిన వారం మునిశేఖర్ సగం కళ్లు మూసుకుని, అనంతపురం వాళ్ల గది తాళం సేలం వాళ్లకు ఇచ్చాడు. సేలం వాళ్లు ఆ గదిలో ఉన్న పులిహోర తినేసి, లాడ్జి వాళ్ల మర్యాద అనుకున్నారు.

యజమాని మోహన్‌కృష్ణ గొంతు పెంచే మనిషి కాదు.

"ఇంకొక్కసారి కౌంటర్లో నిద్రపోతా కనిపించినావంటే, మిద్దెమీద దుప్పట్లుతికే పనికి పంపిస్తానప్పా" అన్నాడు.

మే నెల. ఆ మిద్దెమీదకు కాకులు కూడా సాయంత్రం దాకా రావు.

మునిశేఖర్‌కు కాఫీ పడదు. అందుకని వేరే దారులు వెతికాడు. అన్నం మాని చిన్న సంగటిముద్ద తెచ్చుకున్నాడు. తోడుగా ఊరిబిండి పచ్చడి బాగా కుదరడంతో రెండు రోజుల్లోనే ముద్ద పెద్దదైంది. మజ్జిగ తాగితే నిద్ర ఇంకా ముందే వచ్చింది. మెట్లెక్కి దిగితే మంచిదని ఎవరో చెప్పారు. ఎక్కాడు గానీ దిగలేదు. ఊడ్చి తుడిచే సిద్ధమ్మకు రెండో అంతస్తు మెట్ల మలుపులో దొరికాడు.

"ఈడ తుడవాల. లెయ్యి నాయనా" అంది ఆమె, తడిగుడ్డ కాళ్లకు ఆనించి.

ఇంట్లో భార్య ఐశ్వర్య అతని తలను కాసేపు చూసింది.

"ఆ జుట్టు సూడు, దుప్పటి కప్పినట్టుండాది. నిద్ర రాకుండా చేస్తే తలనీలాలిస్తానని స్వామికి మొక్కుకో."

మునిశేఖర్‌కు ఆత్రం ఎక్కువ. మర్నాడు తెల్లవారుజామునే బస్సెక్కి కొండకు పోయి, గుండు చేయించుకుని వచ్చేశాడు.

"పనైనాక గదా మొక్కు తీర్చేది" అంది ఐశ్వర్య. "ముందే ఇచ్చేస్తే ఆయనకు ఇంక తొందరేముంటాది?"

ఆ మధ్యాహ్నం గుండుమీద చల్లటి గంధం, పైన ఫ్యాను. కౌంటర్‌మీద తలవాల్చిన మునిశేఖర్‌కు ఆ ఎండాకాలమంతా పట్టనంత మంచి నిద్ర పట్టింది.

మోహన్‌కృష్ణ లోపలికి వచ్చి ఆ గుండును చూశాడు.

"ఎవరు సిద్ధమ్మా ఈయప్ప?"

సిద్ధమ్మ బండలు తుడవడం ఆపలేదు. "గుండు కొట్టిచ్చుకోని వచ్చినాడు సార్."

"పాపం, నడిసి కొండెక్కినట్టుండాడు. లేపొద్దు. మునిశేఖర్ యాడ?"

"ఈడనే ఉండాడు సార్."

"రానీ. ఈరోజు వదిలేది లేదు."

మోహన్‌కృష్ణ ఎదురుగా ఉన్న సోఫాలో గట్టిగా కూర్చున్నాడు. ఇంట్లో మామిడికాయ పప్పుతో కడుపునిండా తిని వచ్చాడు. అదే ఫ్యాను గాలి సోఫాకూ తగులుతోంది. కాసేపటికి ఆయన నోరు తెరుచుకుంది.

ఎవరో తాళం కోసం గంట కొట్టారు. మునిశేఖర్ ఉలిక్కిపడి లేచి, వచ్చినవాళ్ల ముఖం రెండుసార్లు చూసి, సరైన తాళమే ఇచ్చాడు. అప్పుడు సోఫా కనిపించింది. సోఫాలో మోహన్‌కృష్ణ కూడా కళ్లు తెరిచాడు.

"ఎప్పుడొచ్చినావప్పా?"

"పొద్దున్నుంచీ ఈడనే ఉండాను సార్."

మోహన్‌కృష్ణ గుండును చూశాడు. కౌంటర్‌మీద అంటిన గంధం మరకను చూశాడు. తన గడ్డం తుడుచుకున్నాడు. సిద్ధమ్మ తుడిచిన బండనే మళ్లీ తుడుస్తోంది.

"గుండెందుకు?"

"నిద్ర రాకూడదని సార్."

"వచ్చిందా?"

"బాగా వచ్చింది సార్."

మోహన్‌కృష్ణ మిద్దె వైపు మెట్లను చూశాడు. ఎందుకో ఆ మాట ఎత్తలేకపోయాడు.

"రేపట్నుంచి తినినాక కొంచేపు ఈ సోఫాలో పడుకో. అంతదాకా కౌంటర్ సిద్ధమ్మ చూస్తాది."

"నాకు మాత్రం నిద్ర రాదా సార్?" అంది సిద్ధమ్మ.

ఆయన ఆలోచించాడు.

"అయితే వంతులేసుకుందాం" అని మళ్లీ వెనక్కి వాలాడు. "ఈరోజు వంతు నాది."