ఇంటికో బిందె

కోట అనే ఊళ్లో బస్టాండు దగ్గర అబిగయీలుకు డీటీపీ షాపు ఉంది. నలభై రెండేళ్ల మనిషి, ఇంటర్‌తో చదువు ఆగిపోయింది. శుభలేఖలు, చర్చి కరపత్రాలు, మండలాఫీసుకు పెట్టుకునే అర్జీలు టైపు చేస్తుంది. నేను కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. సైన్సు అంటే ఏమిటని ఇరవయ్యో శతాబ్దంలో పండితులు ఎలా వాదించుకున్నారో డిగ్రీ విద్యార్థుల కోసం ఒక పుస్తకం రాశాను. నా చేతిరాత చదవగలిగింది ఆమె ఒక్కతే.

తొంభై పేజీలు ఒక్క ప్రశ్నా లేకుండా కొట్టి ఇచ్చింది. ఆ తర్వాతి పేజీ దగ్గర ఫోన్ చేసింది.

"సార్, ఈ అయ్యవారిని నిజంగానే కాల్చేసినారా?"

1936లో వియన్నా విశ్వవిద్యాలయం మెట్ల మీద ఒక ఆచార్యుణ్ణి ఆయన పాత విద్యార్థే కాల్చి చంపిన సంగతి అది. షాపుకు వెళ్లి కూర్చుని చెప్పాను. చంపినవాడిది సొంత కక్ష. అయినా ఆ ఆచార్యుడి ఆలోచనలే ఆయన చావు తెచ్చాయని కొన్ని పత్రికలు రాశాయి. రెండేళ్లకు హిట్లర్ సేన ఆ దేశాన్ని ఆక్రమించింది. హంతకుణ్ణి జైలు నుంచి వదిలేశారు.

"అంత తప్పు ఏం చెప్పినాడు సార్ ఆయన?"

"అనుభవంతో సరిచూసుకోలేని మాట ఎంత గొప్పవాళ్లు చెప్పినా జ్ఞానం కాదన్నాడమ్మా."

"ఇంతేనా!"

ఆయన మిత్రుల్లో ఒకాయన గురించీ చెప్పాను. జనాభా, జబ్బులు, ఇళ్ల లెక్కలు కూలీలకు కూడా తెలియాలని వాటిని బొమ్మలుగా వేయించి ప్రదర్శనశాల పెట్టాడు. పెద్ద లెక్కకు పెద్ద బొమ్మ వేయకూడదు, అదే బొమ్మను ఎక్కువసార్లు వేయాలి అన్నది ఆయన నియమం. ప్రభుత్వం మారి ఆ పని మూతపడింది. హాలెండుకు వెళ్లాడు. అక్కడికీ జర్మన్ సైన్యం వస్తే కిక్కిరిసిన పడవెక్కి సముద్రం దాటి బతికి బయటపడ్డాడు. మిత్రుల్లో అమెరికా చేరినవాళ్ల మీద కూడా కమ్యూనిస్టులేమోనని అక్కడి ప్రభుత్వం నిఘా పెట్టింది. ఆ భయం వల్లనే వాళ్ల రాతల్లో తర్కం మిగిలి, కూలీల ఊసు పోయిందని కొందరు చరిత్రకారులు అంటారు.

అబిగయీలు తెర మీద నా పేజీని మళ్లీ మొదటికి జరిపింది.

"ఈ మాటలు ఎంత చల్లగా ఉండాయి సార్. రాసినోళ్లేమో ప్రాణాలు చేతబట్టుకోని పరిగెత్తతా ఉండారా?"

ముప్పై ఏళ్లు ఈ పాఠం చెప్పాను. నాకు ఒళ్లు జలదరించింది మాత్రం ఆ రోజే.

ఆమె పుట్టిన ఊరు చిట్టమూరు దగ్గర. ఊరికి పడమట రొయ్యల గుంటలు తవ్వాక బోరు నీళ్లు ఉప్పెక్కాయని ఆడవాళ్లు రెండేళ్లుగా మొత్తుకుంటున్నారు. పరీక్ష చేయడానికి వచ్చిన అధికారులు నీళ్లు బాగున్నాయని కాగితం ఇచ్చి వెళ్లారు. ఆ అర్జీలన్నీ టైపు చేసింది అబిగయీలే. నా దగ్గర ఈ సంగతులు విన్నాక ఆ కాగితాన్ని మళ్లీ తీసి చదివింది. నీళ్లు పట్టింది ఒకే ఒక్క బోరులో, అదీ తూర్పు వీధి మొదట్లో.

ఉప్పు కొలిచే మీటరు ఒకటి కొని, రెండు ఆదివారాలు ఆరాధన అయ్యాక ఇల్లిల్లూ తిరిగింది. నలభై ఆరిళ్లు. చర్చి పక్క గోడ మీద, ఏ ఇల్లు ఎక్కడుందో అదే వరసలో ఇంటికో బిందె వేసింది. మంచి నీళ్లకు నీలం, ఉప్పు నీళ్లకు ఎరుపు.

చూడమని నన్ను పిలిస్తే వెళ్లాను. ఆమె పిన్నమ్మ రెబెక్కమ్మ గోడ ముందు నిలబడి ఉంది. అక్షరం ముక్క రాని మనిషి. వేలు పెట్టి ఒక్కో బిందే దాటుకుంటూ పోయి, చివర ఆగింది.

"ఇది మా ఇల్లే కదే అబిగయీలూ? పడమటి వీధిలో అన్నీ ఎర్రవే! గుంటల పక్కనుండేది మేమే గదా. మరి ఆ సార్లు ఈడికి రాకుండా యాడ పట్టినారు నీళ్లు?"

నేను పుస్తకంలో ఇరవై పేజీలు తిప్పి తిప్పి అడిగిన ప్రశ్న అది. ఎవరు కొలిచారు, ఎక్కడ కొలిచారు, ఎవరిని వదిలేశారు అని. ఆమె గోడ చూసి ఒక్క మాటలో అడిగేసింది. అబిగయీలు రంగు అంటిన చేతులతో నోరు మూసుకుంది, కళ్లు నిండిపోయాయి.

ఆ గోడ ఫొటోను అర్జీకి జతచేసి, ఊరి ఆడవాళ్లంతా వేలిముద్రలు, సంతకాలు పెట్టారు. నెల తర్వాత అధికారులు మళ్లీ వచ్చారు. ఈసారి ఏ బోరులో పట్టాలో ఆడవాళ్లే దగ్గరుండి చూపించారు. పడమటి వీధి నీళ్లు తాగడానికి పనికిరావని తేలింది. వేసవి లోపల ఆ వీధికి కుళాయి గొట్టం వేశారు. రొయ్యల గుంటల వాళ్లు అబిగయీలు షాపు గడప తొక్కడం మానేశారు. గుంటలు మాత్రం అక్కడే ఉన్నాయి.

నా పుస్తకంలో ఆ అధ్యాయాన్ని చించేసి మళ్లీ రాశాను. టైపు చేయడానికి ఆమెకు ఇంకా తీరిక దొరకలేదు. మధ్యాహ్నాలు షాపు మూసి పక్క ఊరి బోర్లు కొలవడానికి వెళ్తోంది. రెబెక్కమ్మ కూడా వెంట వెళ్తోందట.