మంత్రగాణ్ణి ముందు నిలబెట్టిన జట్టు

మా ఇంట్లో పెద్దవాడే ముందు నడుస్తాడు. పెళ్లిచూపులకైనా, రిజిస్ట్రేషన్ ఆఫీసుకైనా, నిప్పుకుండ పట్టుకుని శవం ముందైనా. అందుకే నేనూ మా అన్నా కంప్యూటర్ ఆటలో మొదటిసారి జట్టు కట్టినప్పుడు తెల్లగడ్డం మంత్రగాణ్ణి అందరికంటే ముందు నిలబెట్టాం. ఆ గడ్డం చూసి అతనే జట్టుకు అన్న అనుకున్నాం. వెనకాల ముగ్గురు కత్తివీరులు. మంత్రగాడి ఒంటిమీద నూలు అంగీ తప్ప కవచం లేదు. మొదటి గుహలో పొట్టి రాక్షసులు ఎదురొచ్చారు. రెండో దెబ్బకే మంత్రగాడు పోయాడు.

ఆడింది మేడ్చల్‌లో, డయాలసిస్ సెంటర్‌లో. అన్నకు కిడ్నీలు రెండూ పాడైపోయాయి. వారానికి మూడుసార్లు పొద్దున్నే షామీర్‌పేట నుంచి నేనే కారులో తీసుకెళ్లేవాణ్ణి. నాలుగు గంటలు కుర్చీలో ఉండాలి. ఎడమచేతికి రెండు సూదులు, కుడిచెయ్యి ఖాళీ. ఊళ్లో ఏ పంచాయితీ జరిగినా మొదటి కుర్చీ ఆయనదే. ఇక్కడా కుర్చీ దొరికింది కానీ, లేవాలంటే నర్సు ఒప్పుకోవాలి.

మొదటి నెలలోనే "గిదే ఆఖరు తమ్మీ, ఇగ నేను రాను" అనడం మొదలుపెట్టాడు. మానేస్తే ఎక్కువ రోజులు ఉండడని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. ఇక నా పనల్లా అన్నను మళ్లీ కారెక్కించడం. అందుకు నా దగ్గరున్న సరుకు కోతలే. షామీర్‌పేట చెరువులో నా గాలానికి పడ్డ చేప నన్ను స్కూటర్‌తో సహా అవతలి గట్టుకు ఈడ్చుకుపోయిందని చెప్పి ఎందర్నో నమ్మించినవాణ్ణి. అన్న మాత్రం నా కోతలన్నీ ఎన్నడో విని ఉన్నాడు. అవి పనిచేయలేదు.

అప్పుడు అన్న కూతురు తన పాత ల్యాప్‌టాప్‌లో ఆట ఎక్కించి ఇచ్చింది. మందుల కంపెనీలో ఉద్యోగం చేసే పిల్ల. "చిన్నబాపు, నలుగురితోని జట్టు గట్టాలె. సచ్చినోడు మళ్ల లేవడు, గట్లనే పెట్టిన. లేకుంటే బాపు లెక్కజెయ్యడు" అంది.

లెక్కచేశాడు. మంత్రగాడు చచ్చినప్పుడల్లా మొదటి నుంచి మొదలుపెట్టించేవాడు, మళ్లీ అతన్నే ముందు నిలబెట్టించేవాడు. నాలుగోసారి పక్క కుర్చీలోంచి మాట వచ్చింది. మచ్చ బొల్లారం నుంచి వచ్చే టీచరమ్మ. రిటైరైంది, వాళ్ల చర్చిలో పాటలు నేర్పిస్తుంది, ఆరేళ్లుగా ఒక్కరోజు కూడా తప్పకుండా డయాలసిస్‌కు వస్తోంది.

"అన్నా, గా ముసలాయనకు అంగీ తప్ప ఏం లేదు గద. ముందట ఎందుకు నిలవెడుతున్రు?"

"పెద్దోడు గదమ్మా" అన్నాడు అన్న.

"పెద్దోడైతే సంపుకుంటరా?"

నాకు నవ్వొచ్చింది. అన్నకు రాలేదు.

ఆవిడ ఆ ఆట ఎన్నడూ ఆడలేదు. కానీ అరవైమంది పిల్లల్ని ఒక్క గదిలో కూర్చోబెట్టిన మనిషికి ఎవరెక్కడ ఉండాలో చూడగానే తెలుస్తుంది. ముందు మా కత్తివీరుల్లో ఒకణ్ణి తీసేయించి గాయాలు మాన్పే సన్యాసినిని పెట్టించింది. "నలుగురూ కొట్టేటోళ్లే అయితే పట్టీ గట్టేదెవ్వరు?" అంది. మిగిలిన ఇద్దరిలో ఒకడికి ఇనుప కవచం, డాలు ఇచ్చి ముందుకు పంపమంది, ఇంకొకడి చేతికి విల్లు ఇప్పించింది. ఒక్కొక్కరు ఒక్కో రాక్షసుడి మీద పడితే లాభం లేదు, సగం చచ్చినవాడు కూడా నిండు బలంతోనే కొడతాడు. అందరూ ఒక్కడి మీదే పడి, వాణ్ణి కూల్చాకే ఇంకొకడి దగ్గరకు పోవాలి. గది నడిమధ్యకు పోకుండా గడపలో నిలబడితే వాళ్లు ఒక్కొక్కరే వస్తారు. ఇవన్నీ ఆవిడ చెప్పింది, నేను చేశాను, అన్న విన్నాడు. ఒక్కదానికే ఎదురుతిరిగాడు, దెబ్బలు తగిలితే మంత్రగాణ్ణి వెనక్కి జరపమన్నదానికి.

"ఎనకకు జరుగుడా? మా ఇంటా వంటా లేదు."

"పారిపొమ్మంటలేను అన్నా. ఆగి మందు తాగి మళ్ల రమ్మంటున్న. మనం జేస్తున్నదేంది ఈడ?"

అన్న తన చేతి సూదుల వైపు చూశాడు. ఆ రోజు బీపీ పడిపోయి కళ్లు తేలేశాడు. నర్సు కుర్చీ వెనక్కి వాల్చి కాళ్లు పైకెత్తింది. తేరుకున్నాక కుడిచేత్తో మౌస్ అందుకుని మంత్రగాణ్ణి వెనక వరుసలోకి జరిపాడు. సూదులు తీసే వేళకు గుహ దాటి ఒక వంతెన దగ్గరికి చేరాం. "శనివారం గా వంతెన సంగతి సూడాలె" అన్నాడు. వచ్చేసారి గురించి ఆయన మాట్లాడటం అదే మొదలు.

శనివారం పక్క కుర్చీ ఖాళీగా ఉంది. టీచరమ్మ పొద్దున్నే చనిపోయిందని టెక్నీషియన్ బయట నా చెవిలో చెప్పాడు. లోపలికి వచ్చి అన్నతో, ఆవిడ నాగారంలో కొత్తగా పెట్టిన సెంటర్‌కు మారిందన్నాను. మళ్లీ వెళ్లిన రోజున, అక్కడ ఆవిడకు కిటికీ పక్క కుర్చీ ఇచ్చారన్నాను. ఆ తర్వాత, డాక్టరుతో గుంజీళ్లు తీయించిందన్నాను. అన్న నవ్వాడు. "నేను అడిగిన్నని చెప్పు" అన్నాడు. చెప్తానన్నాను. అలా పది రోజులు ఆవిణ్ణి బతికించాను. అంత భయపడుతూ నేనెప్పుడూ కోతలు కోయలేదు.

ఒక మంగళవారం ఆవిడ కూతురు ఫైలు తీసుకుపోవడానికి సెంటర్‌కు వచ్చింది. అన్న ఆ పిల్లనే నేరుగా అడిగాడు, అమ్మకు నాగారంలో ఎట్లుందని. ఆ పిల్ల నా వైపు చూసింది. నేను ల్యాప్‌టాప్ వైపు చూశాను.

ఇంటి ముందు కారు దిగుతూ అన్న, "గురువారం రాకు" అన్నాడు.

గురువారం పొద్దున వెళ్లాను. బనియన్‌తోనే మంచం మీద కూర్చుని ఉన్నాడు. మొహం ఉబ్బింది. వదిన తలుపు దగ్గర నిలబడి ఏడుస్తోంది. చెప్పడానికి నా దగ్గర ఏ కోతా లేదు. వెతికాను, దొరకలేదు.

"ఎట్ల పోయిందట?" అన్నాడు.

"ఇంట్లనే. సెంటర్‌కు తయారైంది. ఆటో వచ్చి గేటు ముంగట ఆగింది. చెప్పులేసుకుంట కూలవడ్డదట."

"గిది గూడ నువ్వు గట్టిన కతనేనా?"

"లేదన్నా. గామె బిడ్డనే చెప్పింది."

నా మొహంలోకే చూశాడు. జీవితంలో మొదటిసారి, నన్ను నమ్మమని లోలోపల ఆయనకు మొక్కాను.

"చెప్పులేసుకున్నదా?"

"ఒక కాలికి."

గోడకున్న అంగీ అందివ్వమన్నాడు. గుండీలు పెట్టుకోవడానికి వేళ్లు వంగకపోతే నేనే పెట్టాను. కారులో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టబోతే వద్దన్నాడు. సెంటర్‌లో టీచరమ్మ కుర్చీలో ఎవరో కొత్తాయన, సూది గుచ్చుతుంటే కళ్లు మూసుకున్నాడు. అన్న ఆయన వైపు తిరిగాడు.

ఆ గురువారం వచ్చాడు. శనివారం సంగతి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.